పైకప్పు ఊడని కోట

కట్టుడు పళ్ళు చేసేవాడికి సందు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇరవై రెండేళ్ళుగా ల్యాబ్‌లో అతని పని అదే. వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా పూడ్చాలి, అరగదీయాలి, వేలితో తడిమి చూడాలి. ఓసారి ఇంట్లో తలుపుకీ గడపకీ మధ్య సందు కూడా పూడ్చేశాడు. వారం రోజులు ఆ తలుపు తీయడానికి అందరూ భుజం పెట్టాల్సి వచ్చింది.

అలాంటి మనిషి ఆ వారం కోట కట్టాడు, బల్లమీద ఆడే యుద్ధపు ఆట కోసం. సైనికులు బొటనవేలంత ఉంటారు. వాళ్ళు నడిచే దూరాన్ని టేపుతో కొలుస్తారు, గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. పద్దెనిమిదేళ్ళుగా ఆదివారాలు ఎదుట కూర్చునేది బావ, అంటే అక్క భర్త. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైనవాడు. ఆయనకి ఒక కన్ను ఇదివరకే పోయింది. రెండోదానికి సోమవారం ఆపరేషన్. చూపు నిలుస్తుందా అంటే డాక్టరమ్మ గట్టిగా ఏమీ చెప్పలేదు.

"అటకమీద ఆ పెద్ద కోట పెట్టె రెండేళ్ళుగా మగ్గుతోంది కదరా, ఆదివారానికి నిలబెట్టు. దాన్ని ముట్టడించి, ఆ తర్వాతే వెళ్ళి ఆస్పత్రి మంచం ఎక్కుతాను" అన్నాడు బావ.

మూడు వందల పన్నెండు చెక్క ముక్కలు. ఒకటి అతికించేవాడు, లేచి మంచినీళ్ళు తాగేవాడు, కిటికీలోంచి ఎదుటి వీధిలో అక్క వాళ్ళ బాల్కనీ వైపు చూసేవాడు, మళ్ళీ వచ్చి ఇంకోటి అతికించేవాడు.

"ఏమండీ, ఓ చోట కూర్చోండి. మిమ్మల్ని చూస్తుంటే నాకు తల తిరుగుతోంది" అంది భార్య.

"కూర్చునే కడుతున్నానుగా!"

"అవును, నిలబడి కూర్చుంటున్నారు."

శనివారం మధ్యాహ్నానికి నాలుగు బురుజులూ లేచాయి. ఎక్కడా సందు లేదు. భార్య చుట్టూ తిరిగి చూసి, "బాగుంది గానీ, సైనికుల్ని లోపల ఎలా పెడతారు?" అంది.

అతను ఒక పైకప్పు పట్టి లాగి చూశాడు, రాలేదు. బురుజుల పైకప్పులు ఊడి రావాలి. వాటిని ఎత్తి సైనికుల్ని లోపల నిలబెట్టడమే ఆటలో అసలు సంగతి. అతికించవద్దని పెట్టెతో వచ్చిన కాగితంలో లావుపాటి అక్షరాల్లో ఉంది. అతను చదివాడు కూడా. కానీ పైకప్పు పెట్టగానే చుట్టూ సన్నటి గీత కనిపించింది. దాంతో చెయ్యి ఊరుకోలేదు.

ల్యాబ్‌కి పరుగెత్తి పళ్ళు కోసే సన్నటి రంపం తెచ్చాడు. మూడు పైకప్పులు నున్నగా ఊడి వచ్చాయి. నాలుగోది పెళుసుగా విరిగి, అంచున బియ్యపుగింజంత నొక్కు పడింది. దాన్ని రేపు పొద్దున్నే పూడ్చేయాలనుకుని పడుకున్నాడు.

కానీ బావ పొద్దున ఎనిమిదింటికే దిగిపోయాడు. ఆయనకీ కాలు నిలవలేదు కాబోలు. పుట్టీ చేతిలో పట్టుకునే అతను తలుపు తీశాడు.

బావ బల్లమీదికి వంగి, మొహం కోటకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. తర్వాత కళ్ళు వదిలేసి వేళ్ళతో చూడడం మొదలుపెట్టాడు. మొదటి బురుజు చుట్టూ వేళ్ళు రెండుసార్లు తిరిగాయి. "ఇది తెరుచుకుంటుందిట్రా?" రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోదాని దగ్గర గోరు ఆగింది. పైకప్పు లేచింది.

"హమ్మయ్య! దీనికి గోరు దొరికింది. నీ పనితనం మండా, మిగతా మూడూ నున్నటి గుండ్లలా ఉన్నాయి."

అతను చేతిలోని పుట్టీని చూసుకున్నాడు. పక్కన పెట్టాడు. పట్టకారు తీసుకుని మొదటి బురుజు అంచుని పట్టుకున్నాడు. పటుక్కుమని అక్కడా బియ్యపుగింజంత నొక్కు పడింది. ఆ చప్పుడికి అతనికే పళ్ళు పులిశాయి. తర్వాత రెండోది, మూడోది.

మధ్యాహ్నం దాకా ఆడారు. బావ మూడు బురుజులు పట్టుకుని, నాలుగోదాంట్లో సైనికుల్ని దింపి పాచికలు తీసుకునేసరికి, ఆస్పత్రిలో చేరే వేళైందని అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా వంతు మిగిలింది. ఒక్కటి కదిపినా ఊరుకోను" అంటూ బావ పాచికల్ని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం భార్య బల్ల దగ్గరికి వచ్చి, "దుమ్ము పడుతుంది, మూతలన్నా పెట్టండి" అంది.

"ఉండనీ. బావ వంతు."

లేచి మంచినీళ్ళు తాగాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎదుటి బాల్కనీలో దీపం లేదు. వెనక్కి వచ్చి నాలుగో బురుజు నొక్కులో వేలు పెట్టి చూశాడు. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.