పొట్టలో చుక్క ఉన్న అక్షరం

నా పేరులో ఒక 'థ' ఉంది. పొట్టలో చుక్క ఉండే థ. తెలుగు రాసేవాళ్ళలో చాలామంది ఆ చుక్క పెట్టరు. చుక్క లేకపోతే అది ధ అవుతుంది. కింది గీత కూడా మరిచిపోతే ద అవుతుంది. ఇంగ్లీషులోకి వెళ్తే ఇంకో రెండు రకాలు. బడి, బస్‌పాసు, ఆధార్, పెళ్ళి కార్డు, ఎక్కడ చూసినా నాది కాని పేరు ఒకటి నా కోసం సిద్ధంగా ఉండేది. దాని కింద సంతకం పెట్టడం నాకు ఎప్పుడూ చిరాకే.

ఈ పేరు ఎంచింది అమ్మ. నేను కడుపులో ఉన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనకున్న హాల్లో ఆడవాళ్ళకు సాయంత్రం పూట చదువు చెప్పేవారట. చెప్పేది పక్క లైన్లో ఉండే ఇంటర్ చదివే అమ్మాయి. అమ్మ అప్పటికి వేలిముద్ర మనిషి. మధ్యాహ్నం రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమం అయిపోయాక ఒకావిడ తన పేరు చెప్పేది. ఆ పేరు అమ్మకు నచ్చింది. దాన్ని పలక మీద రాసిమ్మని ఆ అమ్మాయిని అడిగింది. అమ్మ తన పేరు రాయడం నేర్చుకోకముందే నా పేరు రాయడం నేర్చుకుంది. అప్పటికి నేను ఆడో మగో కూడా తెలియదు. కొడుకు పుడితే ఏం చేసేదానివని ఒకసారి అడిగాను.

"ఏం జేస్త, ఇంకోటి నేర్చుకునేదాన్ని," అంది.

బడిలో చేర్పించడానికి నన్ను బాపు తీసుకెళ్ళాడు. ఆయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, తల తడి ఆరకుండానే వచ్చి నా పేరు నోటితో చెప్పాడు. సారు విన్నది విన్నట్టు రాసుకున్నారు. చుక్క లేదు. అది నేను కనిపెట్టింది నాలుగో తరగతిలో. సారు హాజరు పట్టీ బల్ల మీద వదిలి బయటకు వెళ్ళినప్పుడు చూశాను. పెన్సిల్‌తో చుక్క పెట్టి వచ్చి కూర్చున్నాను. నెల మారితే కొత్త పేజీ, మళ్ళీ కొత్త చుక్క. అలా మూడు నెలలు సాగింది. నాలుగో నెల దొరికిపోయాను.

"రిజిస్టర్ల గీతలు ఎవరు గీసిన్రు?" అని అడిగారు సారు.

లేచి నిలబడ్డాను. అరచేతి మీద స్కేలుతో రెండు దెబ్బలు. తర్వాత ఆయన రబ్బరు పెట్టి రుద్దితే కాగితం అక్కడ పలచబడి చిరిగింది.

ఇంటికి వచ్చి చెప్తే బాపు నవ్వాడు. "చుక్క కోసం దెబ్బలు తింటవా? నన్ను జూడు. బాయిల నంబర్ పెట్టి పిలుస్తరు. పేరున్నదని నాకే యాదికుండది."

అమ్మ నవ్వలేదు. మర్నాడు వంట పక్కన పెట్టి నాతో పాటు బడికి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, సారును అడిగి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నా పేరు రాసింది. అక్షరాలు పెద్దగా, కొంచెం వంకరగా ఉన్నాయి. చివరన చుక్క పెట్టేటప్పుడు సుద్దను గట్టిగా నొక్కింది.

"సారూ, నాకు ఫస్టు వచ్చిన పేరు గిదే. గిదన్న సక్కగ రాయుండ్రి," అంది.

సారు మంచివాడే. రిజిస్టరు తెచ్చి అమ్మ ముందే దిద్దారు. ఆ ఏడంతా హాజరు పిలిచేటప్పుడు నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. అయితే ఆ దిద్దుబాటు ఆ రిజిస్టరు దాటి వెళ్ళలేదు. పదో తరగతి మెమో వచ్చేసరికి ఇంగ్లీషులో మళ్ళీ వేరే అక్షరం పడింది. ఆధార్‌లో ఇంకోటి పడింది. దిద్దించుకోవాలని రెండుసార్లు వరుసలో నిలబడ్డాను. ఒకసారి నెట్ లేదన్నారు. ఇంకోసారి దిద్దారు గాని, నా పేరు బాగుపడి బాపు పేరు చెడిపోయింది.

అవన్నీ ఒక్కసారే ముందుకు వచ్చింది ఉద్యోగం నాడు. బాపుకు నడుము పోయింది, చెవులు సరిగా వినిపించడం మానేశాయి. బాయి పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చారు. ఆయన బదులు నన్ను తీసుకునే వీలుంది. ఇద్దరం కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి గుమస్తా పెద్ద మనిషి. మా కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పరిచి కళ్ళద్దాల పైనుంచి బాపును చూశాడు.

"ఏమయ్యా, గీ ముగ్గుర్ల నీ బిడ్డ ఎవరు?"

బాపుకు సగమే వినిపించింది. "ముగ్గురు లేరు సార్. ఒక్కతే బిడ్డ. గిదే," అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏళ్ళకేళ్ళు చుక్క చుక్క అని నేను మొత్తుకుంటే ఇంట్లోవాళ్ళకు అది నా పంతంలా కనిపించింది. ఆ రోజు బల్ల మీద ముగ్గురు అమ్మాయిలు పడుకుని ఉంటే బాపు మొహం చిన్నబోయింది. బయటకు వచ్చాక, "దీంతోని నౌకరి ఆగుతదా బిడ్డా?" అని అడిగాడు. ఆగదని చెప్పాను, నాకు తెలియకపోయినా. ఆ మూడు పేర్లూ నావేనని, ఆ ముగ్గురూ నేనొక్కదాన్నేనని కాగితం రాయించి, నోటరీ ముందు సంతకం పెట్టాను. రెండు నెలలు తిరిగాక పని అయింది.

నన్ను ల్యాంపు రూములో వేశారు. బాయిలోకి దిగేవాళ్ళు తలకు పెట్టుకునే లైట్లు ఉండేది అక్కడే. షిఫ్టుకు ముందు కిటికీలోంచి లైటు ఇవ్వాలి. పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. ఎవరు తీసుకున్నారో, ఎవరు తిరిగి ఇచ్చారో పుస్తకంలో రాయాలి. ప్రతి మనిషికీ ఒక నంబరు, నంబరు పక్కన పేరు. నాకంటే ముందున్నాయన పుస్తకం నలిగిపోయి ఉంటే, చేరిన వారంలోనే దాన్ని కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. నా చేతిరాత బాగుంటుంది. అందరూ మెచ్చుకున్నారు.

డ్యూటీ బోర్డు మీద నా పేరు ధతో రాశారు. మార్చమన్నాను. మార్చారు. బోర్డుకు మళ్ళీ రంగు వేసినప్పుడు ధ తిరిగి వచ్చింది. మళ్ళీ మార్చమన్నాను. అప్పటి నుంచి నన్ను చుక్క మేడం అనడం మొదలుపెట్టారు. నేనేం బాధపడలేదు. చుక్క సంగతి అందరికీ తెలిసింది కదా అనుకున్నాను.

లైటు కోసం వచ్చేవాళ్ళలో ఒక చాచా ఉండేవాడు. బాయి లోపల నీళ్ళు తోడే పంపు దగ్గర ఆయన డ్యూటీ. సైరన్ కంటే ముందే వచ్చి, సలాం చెప్పి, నంబరు చెప్పి, లైటు వెలుగుతుందో లేదో అరచేతిలో చూసుకుని వెళ్ళేవాడు. ఆయన పేరుకు ముందుండే మాటను రెండు ఇంగ్లీషు అక్షరాలకు కుదించి కొందరు వాటితోనే పిలిచేవారు. మిగతావాళ్ళు పేరుతో పిలిచేవారు. నా పుస్తకంలో ఉన్నదీ అదే.

ఆయన రిటైరయ్యే రోజు దగ్గరికొచ్చింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. తోటివాళ్ళంతా కలిసి షీల్డు ఇద్దామనుకున్నారు. మీద ఏం రాయించాలో చూసే పని నాకు పడింది. "అక్షరాలు మేడమే సక్కగ జూస్తది," అన్నాడు బాయిలో వాళ్ళ పని చూసే సర్దార్. నాకు గర్వంగానే అనిపించింది. చౌరస్తా దగ్గర షీల్డులు చేసే దుకాణానికి వెళ్ళి, నా పుస్తకంలో ఉన్న పేరు కాగితం మీద రాసిచ్చాను. అచ్చు వేసే ముందు కంప్యూటర్ తెర మీద రెండుసార్లు చదివాను. 'కార్మికుల'లో ఒత్తు తేడా పడితే దిద్దించాను.

ఆ రోజు బాయి దగ్గరుండే పిట్ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. దండలు, శాలువా, నలుగురి మాటలు. చాచా షీల్డు తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. చాయ్ తాగేటప్పుడు నేనే దగ్గరికి వెళ్ళాను.

"మంచిగున్నదా చాచా?"

"మంచిగున్నది బిడ్డా. బరువు గూడ ఉన్నది." షీల్డును నా వైపు తిప్పాడు. "ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. గిది నాకేనా?"

"నీకే చాచా. ఏమైంది?"

"గీ పేరు మా బామ్మర్దిది. కరీంనగర్‌ల గడియారాల దుకాణం ఉన్నది ఆయనకు."

పరాచికమాడుతున్నాడనుకున్నాను. ఆయన జేబులోంచి గుర్తింపు కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. కార్డు మీద ఇంగ్లీషులో పేరు సరిగ్గానే ఉంది. మా నోళ్ళలో ఉన్నది దానికి దగ్గరగా ఉండే మరో పేరు, ఇక్కడ ఎక్కువ మందికి తెలిసిన పేరు. ఎవరో మొదట తప్పు పలికారు. మిగతావాళ్ళు అదే పట్టుకున్నారు. నా ముందున్నాయన అదే రాశాడు. ఆ కార్డు రోజూ నా కిటికీ ముందు ఆయన మెడలో వేలాడేది. నేను నంబరు తప్ప ఏమీ చదవలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే చాచా?"

"చెప్పిన. మొదట్ల ఒక ఏడాది చెప్పిన. సర్దార్‌కు చెప్తే సర్దార్ మారిండు. మళ్ళొచ్చినాయనకు చెప్పాలె. డ్యూటీ చెయ్యాల్నా, పేరు చెప్పుకుంట తిరగాల్నా? ఇంట్ల పిలిచేటోళ్ళు ఇంట్ల సక్కగనే పిలుస్తరు. ఇగ ఫికర్ ఎందుకని ఇడిసిపెట్టిన."

ఆయన కోప్పడి ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో. ఒక్క చుక్క కోసం బోర్డులు మార్పించినదాన్ని, ఒక మనిషి పేరు మొత్తంగా తప్పు రాసి, మంచి చేతిరాతతో ఎక్కించి పెట్టాను. షీల్డు ఇటివ్వు చాచా, మార్పించి తెస్తానన్నాను. ఆయన ఇవ్వలేదు.

"ఇది ఉండనీ. మా బామ్మర్ది బాయి మొఖం సూడలే ఎన్నడు. ముప్పై నాలుగేండ్ల సర్వీసుకు షీల్డు వచ్చిందంటే ఖుషీ అయితడు," అని సంచిలో పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం ఆయన క్వార్టర్‌కు వెళ్ళాను. చాచీ తలుపు తీసి కూర్చోబెట్టింది. లోపలి గదిలోంచి ఆయన అక్క, బాగా పెద్దావిడ, ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఒక మనిషి నోట వినడం నాకు అదే మొదటిసారి. మేం పిలిచేదాని కంటే చిన్నగా ఉంది, మధ్యలో ఒక దీర్ఘం ఉంది. కాగితం, పెన్ను ఇచ్చి తెలుగులో రాయమన్నాను. ఆయన చదివింది ఉర్దూ మీడియం. తెలుగు పేపరు చూసి నేర్చుకున్నాడు. ముందు ఉర్దూలో చకచకా రాసి, దాని కింద తెలుగులో ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. ఆ తర్వాత నా పేరేమిటని అడిగాడు. ఇన్నేళ్ళు మేడం అనో బిడ్డా అనో తప్ప ఆయనా నా పేరు పలికింది లేదు. చెప్పాను. ఉర్దూలో రాసి చూపించాడు. ఇందులో చుక్క ఉందా అని అడిగాను.

"మా దాంట్ల మస్తు చుక్కలుంటయి బిడ్డా. ఎన్ని గావాలె నీకు?" అన్నాడు.

చాచీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆయన రాసిన కాగితమే దుకాణంలో ఇచ్చి కొత్త షీల్డు చేయించాను. వారం తర్వాత ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. సభ లేదు, దండలు లేవు. వాళ్ళ అక్కకు తెలుగు చదవడం రాదు. చదివి వినిపించమంది. చాచా తన పేరు ఒక్కటే చదివాడు. ఆమె తల ఊపి, షీల్డును కొంగుతో తుడిచి టీవీ పక్కన పెట్టించింది.

ల్యాంపు రూములో మళ్ళీ కొత్త పుస్తకం మొదలుపెట్టాను. ఈసారి పాతదాంట్లోంచి ఎక్కించలేదు. వచ్చినవాళ్ళను వచ్చినట్టు, మీ పేరు మీరే రాయండని పెన్ను ఇచ్చాను. కొందరు విసుక్కున్నారు. "షిఫ్టు టైమైతంది, లైటియ్యి మేడం. ఎట్ల రాస్తే ఏంది," అన్నారు. రాయడం రాని ఒకాయన పేరు నేనే రాసి మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారికి సరిపోయింది. పాత పుస్తకంతో పోల్చి చూస్తే ఇంటిపేరు తప్పు, తండ్రి పేరు తప్పు, ఒకటి కాదు. అన్ని షిఫ్టులూ పూర్తయ్యేసరికి రెండు నెలలు పట్టింది.

నా చిరాకు పోలేదు. ఇప్పటికీ ఎక్కడైనా నా పేరు తప్పు కనిపిస్తే దిద్దమని అడుగుతాను.

పోయిన నెల చాచా ఏదో కాగితం కోసం పిట్ ఆఫీసుకు వచ్చాడు. నేనూ సెలవు చీటీ ఇవ్వడానికి అక్కడే ఉన్నాను. బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి కాగితం చూసి గట్టిగా పిలిచింది. అదే పాత తప్పు పేరు.

"హా, నేనే," అని లేచాడు ఆయన.

నేను ఆ అమ్మాయికి అసలు పేరు చెప్పాను. తను మళ్ళీ కాగితం చూసుకుని, సారీ చాచా అని సరిగ్గా పిలిచింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్సు టైమైందని చెప్పి వెళ్ళిపోయాడు.