తోడుకు ఇంత: పటాన్‌చెరులో మా ఈస్ట్ కోసం

"మన ఫ్రీజర్ పాడైంది, ల్యాబ్ కూడా మూసేస్తున్నారు" అని పాత సహోద్యోగి ఫోన్ చేశారు. ఎనిమిదేళ్ల కిందట ఆ చిన్న ల్యాబ్‌లో ఏడాదిపాటు ఈస్ట్‌కు పులుపు అలవాటు చేశాను. జన్యువు మార్చిన ఆ ఈస్ట్ చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చాలి. తీరా తాను చేసిన ఆమ్లానికే అది చచ్చిపోతుంది. అందుకే రోజూ బతికినవాటిలోంచి ఒక చుక్క తీసి, ఇంకాస్త ఆమ్లం కలిపిన కొత్త సీసాలో వేసేవాళ్లం. గాజుసామాను కడిగే యాదమ్మ దాన్ని "తోడేసుడు" అనేది. ఒకరోజు తొందరపడి ఆమ్లం రెట్టింపు పోసి మొత్తం చంపేశాను. ఏడుస్తూ కూర్చుంటే యాదమ్మ నిన్నటి సీసా కడగకుండా తెచ్చి ముందు పెట్టింది. "తోడుకు ఇంత ఉంచకుంట గిన్నె ఎవలన్న కడుగుతరా?" అని పైగా నన్నే తిట్టింది.

శనివారం ఎనిమిదింటికి లింగంపల్లిలో బస్సెక్కి, ముప్పావుగంటలో పటాన్‌చెరులో దిగాను. అక్కడినుంచి కర్దనూర్ వైపు షేర్ ఆటో, ఇరవై రూపాయలు. ఫ్యాక్టరీల ఘాటు ముక్కుకు తగలగానే, నమ్మరు గానీ, ప్రాణం లేచొచ్చింది. "గీ వాసనకు అందరు ముక్కు మూస్కుంటరు, మీరేంది మేడం నవ్వుతుండ్రు?" అన్నాడు డ్రైవర్.

ల్యాబ్‌లో ఫ్రీజర్ తలుపు తెరిచి ఉంది. ఈస్ట్ దాచిన మా గొట్టాలన్నీ చెత్త సంచిలో ఉన్నాయి. ఏడాది కష్టం అంతా పోయిందనుకున్నాను. యాదమ్మ ఇంకా అక్కడే ఉంది; జుట్టు నెరిసింది, మాట పదును మాత్రం తగ్గలేదు.

"ఇగ ఇప్పుడు యాదికొచ్చినమా మేడం?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, మూలనున్న మామూలు ఫ్రిజ్‌లోంచి ఒక సన్న సీసా తీసింది. ఎవరూ అడక్కపోయినా నెలకోసారి తోడు మారుస్తూనే ఉందట.

"పులుపు పోశావా?" భయంభయంగా అడిగాను.

"పొయ్యకుంటె మర్సిపోదా?"

ఆమ్లం కలిపిన కొత్త ద్రావణంలో ఒక చుక్క వేసి, ఆమె తెచ్చిన జొన్నరొట్టె చెరిసగం తిన్నాం. నాలుగింటికి మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలు మొగ్గలు వేస్తున్నాయి. కళ్లు చెమర్చి మళ్లీ చూడలేకపోయాను.

ఎనిమిదేళ్లుగా ఏసీ గదిలో హాయిగా ఉండి, ఆమెకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు. సిగ్గేసింది. మీరూ ఇలాంటి పాత చోటుకు వెళ్తుంటే, మూతపడకముందే వెళ్లండి; ఐస్ డబ్బా వెంట ఉంచుకోండి. సాయంత్రం షిఫ్టులు వదిలాక బస్సులో సీటు దొరకదు. యాదమ్మ ఇచ్చిన సీసా ఉన్న డబ్బా గుండెకు హత్తుకుని నిలబడే వచ్చాను. ఇంట్లో తీసి చూస్తే సీసా మీద వంకర అక్షరాలతో రాసి ఉంది: "మేడం తోడు".