దేవుని పిడికెడు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వినయం అంటే మా తాతే. ఈ మాట ఎక్కువగా అనేది కూడా మా తాతే. లక్సెట్టిపేటకు బస్సులో అరగంట దూరం మా పల్లె. అక్కడి పాతిక క్రైస్తవ కుటుంబాలకు ఆయన సంఘ పెద్ద. ఎవరైనా కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చునేవాడు. కాకపోతే ఆ కుర్చీ తన కోసమే వేశారని అందరూ చూసేదాకా నిలబడే ఉండేవాడు.

మా సంఘంలో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి దేవుని పేరిట వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో తెచ్చి, చర్చిలో ముందు పెట్టిన గంపలో పోసేవాళ్ళు. అది పాస్టరు అయ్యగారి ఇంటికి పోయేది. మా ఇంటి సంచి మోసే భాగ్యం తొమ్మిదేళ్ళ నాది. మావి సన్నబియ్యం. మా నాయనమ్మ మెరిగ గింజ కూడా లేకుండా ఏరి ఇచ్చేది. ఆ సంచి పట్టుకుని నేను నడిచే నడక చూసి తీరాల్సిందే.

మా వెనకింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వడ్లు పట్టే గిర్నిలో బియ్యం చెరిగే పని చేసేది. కూలి కింద నూకలు ఇచ్చేవాళ్ళు. వండుకునేవి అవే, దేవుడికి తీసేవీ అవే. వారమంతా వంగి ఉండే ఆమె నడుము, గంప దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం నిటారుగా నిలిచేది. ఆమె ఎవరి చేతి కిందా కాకుండా నిలబడే చోటు ఊళ్ళో అదొక్కటే. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

మా తాత అన్నం దగ్గర కూర్చుని, "గా గిర్ని దాని నూకలతోని మంచి బియ్యమంతా ఖరాబైతున్నయ్" అని సణిగేవాడు. ఒకసారి కాదు, వారం వారం.

ఒక ఆదివారం అయ్యగారు వేరే ఊరికి పోతే తాతే వాక్యం చెప్పాడు. తగ్గించుకోవడం గురించి చెప్పి, చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత బియ్యం పోసే వేళ అయింది. నేను పోసి ఇంకా సంచి దులుపుతున్నాను, పెద్దమ్మ వచ్చి తన నూకలు పైన పోసింది. "ఏంది పెద్దమ్మా, నీ నూకలతోని మా బియ్యమంతా ఖరాబ్ చేస్తివి" అన్నాను, చర్చి అంతా వినబడేలా.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ చేతిలో ఖాళీ సంచి అట్లాగే ఉండిపోయింది. తాత ముఖం నల్లబడింది. నా మాట ఆయనకు బాధ కలిగించలేదు, ఆ మాట ఎవరిదో జనం పోల్చుకుంటారేమోనని భయపడ్డాడు. అందుకు ఆయన మీద కోపం ఇన్నేళ్ళయినా నాకు తగ్గలేదు.

మెడ పట్టుకుని నన్ను గంపతో సహా బయటి వరండాలో ఎండ పడే చోట కూర్చోబెట్టాడు. "నీ బియ్యం నువ్వు ఏరుకో. గా నూకలు ఎప్పుడు తీరితే గప్పుడే లెవ్వాలె" అన్నాడు. ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు. చూసి నేర్చుకోవాలట. వైశాఖం ఎండ. గచ్చు మీద తొడలు కాలుతుంటే ఒక్కొక్క గింజ ఏరుతూ ఏడ్చాను. కన్నీళ్ళు పడి గింజలు వేళ్ళకు అంటుకునేవి. తోటి పిల్లలు నవ్వారు, నేనైనా నవ్వేదాన్నే.

తాత మాట లెక్కచేయకుండా పెద్దమ్మ లేచి, ఇంటికి పోయి చాట తెచ్చింది. నా పక్కన కూర్చుని, గంపలోది చాటలో పోసుకుని చెరిగింది. ఆమె చేతులు ఆడుతుంటే బియ్యం ఒక దిక్కు, నూకలు ఒక దిక్కు జరిగాయి. నేను సాయంత్రం దాకా ఏరినా తెమలని పని ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. నూకలన్నీ కొంగున కట్టుకుని లేచింది. "నాయి నేను తీస్కపోత. పొల్లను లేవనియ్యుండ్రి" అంది.

తాత ఆమెను ఆపలేదు. జనం వైపు తిరిగి, "సూసిండ్రా? తగ్గించుకునుడంటే గట్లుండాలె" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె అప్పటికే ఎండలో నడిచిపోతోంది.

ఆ తర్వాత ఆమె చర్చికి వచ్చేది, సంచి తెచ్చేది కాదు. అందరి వెనక దర్వాజ దగ్గర కూర్చుని, బియ్యం పోసే వేళకు తల వంచుకునేది.

క్రిస్మస్ ముందు రోజు మా నాయనమ్మ గిన్నెలో సకినాలు పెట్టి ఆమెకిచ్చి రమ్మంది. ఆమె ఇంట్లో పొయ్యి పక్కన కుండ నిండా నూకలున్నాయి, పురుగు పట్టి. నేను అటే చూస్తుంటే సిగ్గుపడింది. "దేవునివి బిడ్డా. తియ్యద్దనుకుంట గని ఎసట్ల పోసేటప్పుడు చెయ్యి ఊకుంటలేదు" అంది. ఉత్త గిన్నె పంపకూడదు కదా. పైన పురుగు పట్టినవి పక్కకు తీసి, అడుగు నుంచి ఒక పిడికెడు మంచివి తీసి గిన్నెలో వేసింది. "రేపు మీ సంచిల కలుపు. ఎవలకు ఎర్కగాదు" అంటూ నా గడ్డం పట్టుకుంది.

సరేనన్నాను. నిజంగానే కలపాలనుకున్నాను. మా వాకిట్లోకి వచ్చేసరికి లోపల తాత దగ్గు వినబడింది. గిన్నె కోళ్ళ ముందు బోర్లించాను. నేను గుమ్మం ఎక్కేలోపే అవి మొత్తం తినేశాయి.

క్రిస్మస్ నాడు మా సంచి గంపలో పోసి వెనక్కి తిరిగాను. దర్వాజ దగ్గర పెద్దమ్మ ఆ రోజు తల వంచుకోలేదు. నడుము నిటారుగా పెట్టి కూర్చుని నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నా బతుకులో నేను చేసిన అన్నిటికన్నా చెడ్డ పని ఆ నవ్వే. ఆమె చనిపోయేదాకా నిజం చెప్పలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. చర్చిలో ముందుకు వచ్చి కూర్చొమ్మంటారు. నేను దర్వాజ దగ్గరే కూర్చుంటాను. ఎంత తగ్గింపు గల మనిషో అంటారు. విని ఊరుకుంటాను. అక్కడి నుంచి చూస్తే గంపలో ఎవరు ఏం పోస్తున్నారో కనబడదు, పోసేవాళ్ళ వీపులే కనబడతాయి. ఆమె ఆ రోజు చూసింది నా వీపునే. అంతమాత్రానికే నన్ను నమ్మింది.