పురుగు పట్టిన వరుసకు అడ్డం నిలబడ్డ లావణ్యక్క

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చినప్పుడు బమ్రోలిలో మా ఇంటి కింద మరమగ్గాలు నడుస్తున్నాయి. లావణ్యక్క తమ్ముడు ఏదో చెప్పాడు. ఆ చప్పుడులో వినపడలేదు. "ఏందన్నా?" అన్నాను.

పాపం, అరిచి చెప్పాల్సి వచ్చింది.

"అక్క పోయింది!"

అలాంటి మాట ఎవరూ అంత గట్టిగా చెప్పకూడదు.

మొన్ననే "జర జ్వరముంది, తోటకు నువ్వు పో" అని మెసేజ్ పెట్టింది. అంతే అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. అక్క పీహెచ్‌డీ, నేను అదే డిపార్ట్‌మెంట్‌లో ఎమ్మెస్సీ. ఇక్కడ కిమ్ అనే ఊరి దగ్గర ఒక రైతు పొలంలో వేసిన జామాయిల్ తోటే ఆమె రీసెర్చ్. రకానికో వరుస. ఆకుల మీద బుడిపెలు తెప్పించే ఒక చిన్న పురుగును ఏ రకం తట్టుకుంటుందో చూడాలి. ఆమె ఆకు తిప్పి చూసి చెప్పేది, నేను రాసేవాణ్ణి. ఆ తోటలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

నాకు మాటల పిచ్చి. ఆ బుడిపెకు గొప్ప పదం కావాలని వెతికి ఒకరోజు "కణితి" అన్నాను.

"ఏందిరా గది, చెట్టుకు కాన్సరొచ్చినట్టు! బుడిపె అను, సాలు. పెద్ద కవివి!"

ఒక వరుస మాత్రం పురుగు సులువుగా పట్టే రకం. కావాలనే నాటింది. పురుగు అక్కడ బాగా పెరిగితేనే పక్క వరుసల అసలు బలం తెలుస్తుంది. రైతు జీతూభాయ్‌కి అది చూస్తే ప్రాణం ఒప్పేది కాదు. ఒకసారి జాలిపడి మందు ట్యాంకు వీపున వేసుకుని వచ్చేశాడు.

అక్క చేతులు చాపి అడ్డం నిలబడింది. "నహీ భాయ్, కీడే కో ఖానే దో!"

పురుగును తిననివ్వమని బతిమాలే మనిషిని ఆయన ఎప్పుడూ చూడలేదు. నా వైపు తిరిగి, "తేరీ దీదీ పాగల్ హై క్యా?" అన్నాడు, మీ అక్కకు పిచ్చా అని. అక్క పడీ పడీ నవ్వింది.

తర్వాత నాతో, "దీనికి మందు కొడితే పురుగే ఉండది. గప్పుడు అన్ని రకాలూ మంచిగనే కనబడ్తయి తమ్మీ. రైతులకు అబద్ధం చెప్పినట్టయితది" అంది.

ఈ పొద్దున జీతూభాయ్ ఫోన్ చేసి ఏడ్చాడు. తర్వాత మెల్లగా అడిగాడు, ఇక ఆ వరుస పీకేయనా అని.

వద్దన్నాను. అది పోతే అక్క ఇన్నాళ్లు చూసిందంతా సగంలో ఆగిపోతుంది. రేపు నేను వస్తానన్నాను.

ఫోన్ పెట్టేశాక భయమేసింది.

ఆకు నేనే తిప్పాలి. నేనే రాసుకోవాలి. సాయంత్రం దాకా తెలుగులో ఒక్క మాట వినబడదు.

పోయిరా అక్కా. ఇక ఎండలో నిలబడే పని లేదు. నీడపట్టున హాయిగా పడుకో.