పసుపు కొమ్ముల పెట్టె

ఆ శ్రావణ శుక్రవారం మమ్మల్ని జగ్గయ్యపేట మార్కెట్ యార్డుకు రమ్మన్నారు. రేడియేషన్ సరుకు మోసుకెళ్లే లారీ ఏదైనా గరికపాడు దగ్గర బోల్తా పడి, ఆ ధూళి జనం మీద పడితే వాళ్లను ఎలా కడగాలి, ఏమేం సామాను సిద్ధంగా ఉంచాలి అని ముందుగా చేసి చూసుకోవడమట. డ్వాక్రా సంఘం తరఫున నేనూ, నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలూ వెళ్లాం. బావగారు అప్పటికి విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నారు. అక్క నలుగురిలో తిరిగితే దిగులు తగ్గుతుందని నేనే బయల్దేరదీశాను.

మిరప బస్తాలు లేని గోదాము అంత పెద్దదని నాకు తెలియదు. అన్న మాట తిరిగి మన దగ్గరికే వచ్చేది. సబ్బులు, తువ్వాళ్లు, నైటీలు, ప్లాస్టిక్ సంచులు, కడిగిన నీళ్లు కాలవలో కలవకుండా పట్టడానికి నీలం డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. తల నుంచి కాలిదాకా తెల్ల తొడుగులు వేసుకున్నవాళ్లు తిరుగుతుంటే ఆడెవరో మగెవరో తెలియలేదు. ఆ ధూళి కంటికి కనపడకపోవచ్చు, వాసనా ఉండదు, బట్టలనూ ఒంటినీ పట్టుకుని ఉంటుంది అని మాకు నేర్పడానికి వచ్చిన మేడం చెప్పారు. మా నాన్న ఇంట్లో నేర్పిందే నా చదువు. కనపడనిదానికి దణ్ణం పెట్టడం ఆయనే నేర్పారు. భయపడటం ఆ రోజు తెలిసింది.

ఒంటి మీదవన్నీ తీసి సంచిలో వేయాలి. గాజులు, చెవులవి అందరూ తీశారు. అక్క దగ్గరికి వచ్చేసరికి వరస ఆగిపోయింది.

"పుస్తెలు కూడా తీయాలమ్మా," అన్నారు మేడం. "నిజంగా జరిగితే ధూళి వాటి సందుల్లోనే ఉండిపోతుంది. మీకే ముప్పు."

అక్క గొలుసు గుప్పిట్లో పట్టుకుంది. "ఆయన ఆసుపత్రిలో ఉన్నారండి. శ్రావణ శుక్రవారం ఇది తీస్తే ఆయన ఇంక..."

తెల్ల తొడుగు మనిషి చేతిలో, ధూళిని కనిపెట్టే మిషను టిక్కుటిక్కుమంది. ప్రాక్టీసుకు వాళ్లే మోగిస్తారని ముందే చెప్పారు. అయినా అచ్చం బల్లి పలికినట్టే ఉంది. బల్లి పలికితే అప్పుడు అన్న మాట నిజమవుతుందని, ఇంట్లో అయితే నేలమీద వేలితో కొట్టి సత్యం అనేవాళ్లం. అక్కడ ఎవరి వేలూ కదలలేదు.

"మొగుడు పోతే పదోరోజు చేసేదేగా ఇది," అని వెనక ఎవరో గొణిగారు.

నా చేతిసంచిలో పొద్దున గుడిలో ఇచ్చిన తాంబూలం, అందులో పసుపు కొమ్ము ఉన్నాయి. పుస్తెలు తెగినా, తాకట్టుకు పోయినా మా ఇళ్లలో ఆడవాళ్లు దారానికి పసుపు కొమ్ము కట్టుకుని గడిపినవాళ్లే. వ్రతం తోరానికి మిగిలిన దారం కూడా సంచిలోంచే తీసి కొమ్ము కట్టాను.

"ముందు ఇది కట్టుకో అక్కా. తర్వాత అది తీయి. మెడ క్షణం కూడా బోసిగా ఉండదు."

"ఇటివ్వు, నేనే కట్టుకుంటా."

ముడి తనే వేసుకుంది. ఆ తర్వాతే గొలుసు సంచిలో పడింది.

అది చూసి మేడం సామాను లిస్టు తీశారు. కడగక ముందు కట్టుకున్న దారానికీ ధూళి అంటుతుంది, కడిగాక ఇంకొకటి కట్టుకుని దాన్నీ తీసేయాలి, కాబట్టి మనిషికి రెండు ఉండాలి అన్నారు. సామాను లిస్టులో సబ్బుల కింద పసుపు కొమ్ములు చేరాయి.

గొలుసు తిరిగి వేసుకున్నాక కూడా అక్క ఆ దారం తీయలేదు. బావగారు నడుచుకుంటూ ఇంటికి వచ్చిన రోజున తీసి తులసి కోటలో పెట్టింది. ఆ తల్లి దయ.

కొమ్ములకు పురుగు పడుతుంది. వాటిని ఎండబెట్టి, చెడినవి మార్చే పని నేనే అడిగి తీసుకున్నాను. గోదాములో వాటిని దాచిన ఇనప పెట్టె తెరిస్తే పసుపు దారాలు వరసగా, మెడల కోసం కాచుకున్నట్టు ఉంటాయి. మొన్న వాటిని చూస్తూ, రేపు అక్కకీ నాకూ అక్కర పడేవి కూడా వీటిలోనే ఉన్నాయి కదా అనుకున్నాను. వెంటనే, ఇవి ఎవరికీ అక్కర పడనివ్వకు తల్లీ అని దణ్ణం పెట్టాను. గోడ మీద బల్లి పలికింది.

ఏ మాటకు పలికిందో తెలియలేదు. మూత వేసి, దాని మీదే వేలితో కొట్టాను.