చాటు తెలిసిన లస్కరు

మొన్న సోమవారం పొద్దున నంద్యాలలో ఆఫీసు తలుపు తీస్తుండగా, ఆళ్ళగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చిన రైతు ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. "మీ లస్కరు పాయెప్పా. తెల్లారుజామున" అన్నాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేస్తారని చెప్పి తన పని మీద తాను వెళ్ళిపోయాడు. నేను తాళంచెవి జేబులో వేసుకుని, సెలవు కూడా అడగకుండా, దొరికిన బస్సు ఎక్కాను.

చదివేవాళ్ళలో ఆయనను ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. ఆళ్ళగడ్డ పక్కన పెద్దకాలువ మీద గేట్లు ఎత్తి దించే మనిషి. ఆ పని చేసేవాళ్ళను మేము లస్కర్లంటాం. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఆయన ఓడల బాయిలర్లలో బొగ్గు వేశాడు. అక్కడా లస్కరనే పిలిచేవాళ్ళట. "ఉప్పునీళ్ళ లస్కర్ని మంచినీళ్ళ లస్కర్నయినా. అంతే తేడా" అనేవాడు.

యాభై నాలుగులో నేను ఆ సెక్షనులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కాలువ గురించి పుస్తకంలో చదివిందే తప్ప మరేమీ తెలియదు. ఆయన నన్ను సారూ అని పిలుస్తూనే పని నేర్పాడు. కట్ట మీద చెప్పులు వేసుకుని నడిచేవాడు కాదు. కట్ట మెత్తబడితే ముందు కాలికే తెలుస్తుందనేవాడు. గేటు దగ్గర తాడు ముడి వేశాడంటే ఆయన తప్ప ఇంకెవరూ విప్పలేకపోయేవాళ్ళు. కట్ట కింద తేటనీళ్ళు కారితే భయం లేదని, బురదనీళ్ళు కారితే కట్ట లోపల కరుగుతోందని ఆయన చెప్తేనే నాకు తెలిసింది.

సాయంత్రాలు గేటు అరుగు మీద టీ సాసర్లో పోసుకుని తాగుతూ సముద్రం సంగతులు చెప్పేవాడు. అన్నిటిలోకీ ఆయనకు ఇష్టమైనది సముద్రపు కుక్కల కథ. ఇంగ్లీషువాళ్ళు సీల్ అంటారట. ఒకసారి ఇంగ్లండుకు పైనున్న చలి సముద్రంలో తుఫాను పట్టుకుంటే, వాళ్ళ ఓడ ఒక దీవి వెనక లంగరు వేసి మూడు రోజులు ఆగిందట. తెల్లారి చూస్తే చుట్టూ నీళ్ళలో నల్లటి తలలు. గాలి లేస్తే ఆ జంతువులు నడిసముద్రంలో ఉండవట. దీవి చాటుకు, కొండల మధ్య సందుల్లోకి, అల విరిగి చచ్చిపోయే చోటికి చేరతాయట. అలలు అందని గులకరాళ్ళ ఒడ్డున ఈనుతాయట. పిల్లకు తెల్లటి బొచ్చు ఉంటుందట. అది రాలేదాకా పిల్ల నీళ్ళలోకి దిగదట. "మా కప్తాను పటం చూసుకోని ఆ చాటు పట్టుకున్యాడు. వాటికి పటం ల్యాకుండానే తెలుసు" అని నవ్వేవాడు. ఆ కథ ఎప్పుడూ అక్కడికే ఆపేవాడు. ఆ తర్వాత కూడా ఒక ముక్క ఉందని నాకు చాలా రోజులు తెలియదు.

యాభై ఏడు కార్తీకంలో ఐదు రోజులు విడవకుండా వాన కురిసింది. కాలువ పక్కనే పారే వక్కిలేరు ఒడ్లు మునిగాయి. ఆరో రోజు పొద్దున వాన వెలిసింది. కట్ట కారుతోందని ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్తే, ఇసుక బస్తాలు, కూలీలను వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడ కాలువ కట్ట మూడు నిలువుల ఎత్తు. దాని కింద పొట్టమీదున్న వరి, ఆ వెనకనే పల్లె. కట్ట వెలుపలి వాలులో, రాళ్ళ నడుమ ఒక బొరియ. దాని అడుగులోంచి పిల్లవాడి మణికట్టంత ధార. ఎర్రటి బురదనీళ్ళు.

బొరియ ముందు లస్కరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పల్లె మనుషులు రాళ్ళు మోసుకొచ్చి చేతుల్లోనే పట్టుకుని ఆయన లేస్తాడేమోనని చూస్తున్నారు. లోపల నీటికుక్క పిల్లలున్నాయన్నాడు. నీటికుక్క అంటే పిల్లికంటే పెద్దదిగా, పొట్టికాళ్ళతో, నీళ్ళలో చేపలు పట్టుకుని బతికే జంతువు. ఏటి ఒడ్డున ఉన్న దాని బొరియ మునిగిపోయి, పిల్లల్ని ఈ కట్టకు మార్చుకుంది. చెవి పెడితే సన్నగా కీచుమనడం నాకూ వినిపించింది. కట్ట పక్కదాకా పొంగి వచ్చిన ఏటి నీళ్ళలో తల్లి తల పైకెత్తి ఈల వేసినట్టు అరుస్తోంది.

నేను పూడ్చమన్నాను. ఆయన లేవలేదు.

"పల్లె కొట్టుకపోతే నీ కుక్కపిల్లలు వచ్చి మమ్మల్ని ఎత్తుతాయా?" అన్నాడు ఒక రైతు. ఆ మాటలో తప్పు లేదు. ఆ రైతు ఇల్లు కట్టకు సూటిగా కింద ఉంది. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే సామాను మూట కడుతున్నారు.

లస్కరు నా వైపు తిరిగాడు. "గంట టైమియ్యి సారూ. ఎస్కేపు తెరుస్తా. నీళ్ళు దిగితే కట్టకూ మంచిదే, తల్లీ వచ్చి తీసుకపోతాది."

ఎస్కేపంటే కాలువలో నీళ్ళు మించినప్పుడు ఏట్లోకి వదిలేసే తలుపు. పైనుంచి ఉత్తరువు లేనిదే దాన్ని తాకకూడదు. తెరిస్తే చివరి ఆయకట్టు పొలాలకు కొన్ని రోజులు నీళ్ళు అందవు. టెలిఫోను ఆళ్ళగడ్డలో ఉంది. వెళ్ళి రావడానికే రెండు గంటలు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను సరేనని నోటితో అనలేదు. ఆయన కళ్ళలోకి చూసి తల ఊపాను. ఆయన పరుగెత్తాడు.

ఆ గంట నాకు ఇప్పటికీ నిమిషం నిమిషం గుర్తుంది. కాలువలో నీటి అంచున ఒక పుల్ల గుచ్చాను. పల్లె మనుషుల్ని ఇరవై అడుగులు వెనక్కి జరిపాను. వాళ్ళు జరిగారు గాని రాళ్ళు కింద పెట్టలేదు. మొదట పుల్ల దగ్గర నీళ్ళు కదల్లేదు. బొరియ పెదవి నుంచి ఒక మట్టిపెళ్ళ ఊడిపడింది. ధార మణికట్టు నుంచి మోచేయంత అయింది. ఇందాకటి రైతు నా భుజం పట్టుకుని, "అప్పా, బిడ్డలుండారు" అన్నాడు మెల్లగా. ఇక పూడ్చమని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ఎవరో పుల్ల వైపు చూపించారు. పుల్ల కింద రెండు వేళ్ళ మేర తడిమట్టి బయటపడింది.

జానెడు దిగేసరికి ధార సన్నబడింది. తల్లి ఏట్లోంచి పైకి వచ్చింది. అంతమంది మనుషులను చూసి ఆగింది, మళ్ళీ నడిచింది. మెడ పట్టి ఒక పిల్లను, తర్వాత ఇంకొకదాన్ని జమ్ములోకి మోసుకుపోయింది. మూడోసారి రాలేదు. లస్కరు రొప్పుతూ తిరిగివచ్చి, భుజందాకా చెయ్యి లోపలికి దూర్చి మూడోదాన్ని తీశాడు. అది ఆయన బొటనవేలు కొరికింది. దాన్ని నీటి అంచున రాయి మీద పెట్టి వెనక్కి వచ్చేశాడు. తల్లి వచ్చి పట్టుకుపోయింది. "కొట్టండ్రి బస్తాలు" అన్నాడు. మధ్యాహ్నానికల్లా కట్ట నిలిచింది. పల్లె నిలిచింది.

వాన అంతగా పడని చివరి పొలాలకు నాలుగు రోజుల పాటు నీళ్ళు పోలేదు. అక్కడి రైతులు అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి గేటు ఎవరు తెరవమన్నారని అడిగాడు. "నేనే తెరిచినా సార్. ఈయప్ప అప్పుడు ఆడ లేడు" అన్నాడు లస్కరు. అధికారి నా వైపు చూశాడు. నేను కాగితాల వైపు చూశాను. ఆ అబద్ధం కింద నేను సంతకం పెట్టాను. ఆయనను మూడు నెలలు పనిలోంచి తీసేశారు.

ఆ మూడు నెలలూ ఆయన బనగానపల్లె దగ్గర నాపరాళ్ళ గనిలో బండలు కొట్టాడు. ఒక ఆదివారం వెళ్ళాను. తెల్లటి దుమ్ములో కనుబొమలు కూడా తెల్లబడి కూర్చుని ఉన్నాడు. ఎందుకట్లా చెప్పావు మామా అని అడిగాను. మామా అని పిలవడం అదే మొదటిసారి. అప్పుడు చెప్పాడు, సముద్రపు కుక్కల కథలో మిగిలిన ముక్క.

తుఫాను తగ్గాక మంచినీళ్ళ కోసం పడవలో ఆ దీవికి వెళ్ళారట. పై ఉద్యోగి ఒకడు తెల్లటి పిల్ల ముద్దుగా ఉందని ఎత్తుకుని ఈయన ఒళ్ళో పెట్టాడట. తల్లి ఓడ దాకా పడవ వెనకే ఈదుకుంటూ వచ్చిందట. పిల్ల డబ్బాపాలు తాగలేక రెండో రోజు చచ్చిపోయిందట.

"వదిలేద్దాం సార్ అని ఒగ మాట అనింటే వదిలేసేటోడేమో. పని పోతాదని నేను నోరు మూసుకున్యా. నీ వయసే నాకప్పుడు. నోరు మూసుకుంటే యట్లుంటాదో నాకు తెలుసప్పా. ఆ బరువు నీకు ఇంకా పెద్దది చేసేదెందుకని నేనే చెప్పేసినా."

ఆ రోజు నుంచి ఆయన నన్ను సారూ అనలేదు. అప్పా అనే పిలిచాడు. నేను నంద్యాలకు వెళ్ళి పై అధికారికి జరిగిందంతా రాసిచ్చాను. రాసివ్వడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికి ఆయన మూడు నెలలు ఎలాగూ పూర్తి కావచ్చాయి. నాకు ఒక మందలింపు కాగితం వచ్చింది, నంద్యాలకు బదిలీ అయింది. ఆయన మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాడు. దగ్గు మాత్రం ఆయనతోపాటే వచ్చింది. అది ఓడల బొగ్గుదని డాక్టరు అన్నాడు. నాకు ఆ తెల్లదుమ్ము కళ్ళ ముందు నుంచి పోదు.

మొన్న నేను చేరేసరికి జనం ఖబరస్తానులో ఉన్నారు. నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. కట్ట కింద పల్లె నుంచి దాదాపు అందరూ వచ్చారు. నా భుజం పట్టుకున్న ఆ రైతు గొయ్యి పూడ్చేదాకా పార వేరేవాళ్ళకు ఇవ్వలేదు.

వచ్చేటప్పుడు లస్కరు ఇంటి ముందు ఆయన భార్య నన్ను ఆగమని, కట్ట పక్క కంప మీద ఆరేసిన కాకీ చొక్కా తీసి నా చేతికిచ్చింది. సర్కారు చొక్కా, ఆఫీసులో అప్పజెప్పాలి కదా, ఇందాకనే ఉతికినానంది. ఇంకా తడిగానే ఉంది. ఉంచుకోమన్నాను. ఆమె వద్దంది. ఆళ్ళగడ్డలో తీసుకున్న బాడుగ సైకిలు హాండిలు మీద చొక్కా పరుచుకుని కాలువ కట్ట వెంబడి బయలుదేరాను. ఎదురుగాలి. చొక్కా చేతులు రెండూ గాలి నింపుకుని లేచి నా మోచేతులకు తగులుతూ వచ్చాయి. ఆళ్ళగడ్డ చేరేసరికి చొక్కా పూర్తిగా ఆరిపోయింది.