కింది ఊరి పన్ను, పై ఊరి రోడ్డు

కొండమీది రాతిగని మూతబడ్డాక పై ఊళ్లో కుట్టు మాస్టారికి ఈగలు తోలుకోవడమే పనైంది. కూలి లేనివాడు కొత్త చొక్కా ఎందుకు కుట్టించుకుంటాడు? మున్సిపాలిటీదీ అదే గతి. ఇంటిపన్ను కట్టే నాథుడు లేడు. రోడ్లు గుంతలు పడ్డాయి, చెత్త ఎత్తేవాళ్లకు జీతాలు ఆగిపోయాయి. వాళ్లూ మాస్టారి దగ్గర కుట్టించుకునేవాళ్లే. చాలదన్నట్టు షాపు పన్ను పెంచారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ సమయంలో ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. పెద్ద ఊళ్లలో వసూలైన పన్నులో కొంత భాగం రాబడి లేని ఊళ్లకు పంచాలని. మాస్టారి బావమరిదికి కొండ కింది పెద్ద ఊళ్లో బీరువాల షాపు ఉంది. అక్కను చూడటానికి వచ్చినవాడు అన్నం ముందు కూర్చుని కూడా ఆ గొడవే ఎత్తాడు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది బావా. పన్నులు మావి, రోడ్లు మీకా?"

మాస్టారికి చురుక్కుమంది. "నీ లారీలు తిరిగే రోడ్లకి రాయి ఎక్కణ్ణించి వచ్చిందిరా? మా కొండ నుంచి కాదూ?"

ముందు తినండని ఇద్దరి కంచాల్లోనూ ఇంకాస్త అన్నం పెట్టింది మాస్టారి భార్య.

ఎండలు ముదిరేలోగా ఆ పన్ను వాటా డబ్బుతో రోడ్డు పని మొదలైంది. కూలి డబ్బులు చేతికొచ్చినవాళ్లు మొదట చిరిగిన ప్యాంట్లు తెచ్చారు, తర్వాత కొత్త గుడ్డ తెచ్చారు. రోడ్డు పూర్తయ్యాక ఆగిపోయిన బస్సు మళ్లీ వచ్చింది. పిల్లల స్కూలు బట్టలు కుట్టే పని కూడా మాస్టారికే దక్కింది. ఒక్కడే చేసుకోలేక, గని మూతబడి ఇంట్లో కూర్చున్న తోడల్లుణ్ణి పనిలో పెట్టుకున్నాడు. సుత్తి పట్టిన చేతికి సూది పట్టడం నేర్పేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. అయినా నేర్పాడు. షాపు పన్ను మాత్రం సణుగుతూనే కట్టాడు.

ఒక మధ్యాహ్నం బావమరిది లారీ మాస్టారి షాపు ముందు ఆగింది. వెనక బీరువాలు. వాటిని ఊళ్లో దించి వచ్చి, చొక్కా గుడ్డ బల్లమీద పెట్టాడు.

"ఈ మధ్య సగం బేరాలు మీ ఊరివే బావా," అన్నాడు, ఎటో చూస్తూ.

"మరి పన్ను సంగతి?"

"కడుతున్నాగా. తిడుతూనే కడుతున్నా."

తానూ అంతేనని మాస్టారు ఒప్పుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. టేపు తీసి బావమరిది నడుము కొలిచాడు. బేరాలతో పాటు అదీ పెరిగింది. కొంచెం వదులుగానే కత్తిరించమని తోడల్లుడికి చెప్పి, మిషను తొక్కడంలో పడ్డాడు.